మూడో వరుసలోని చప్పట్లు

ముల్లు మాస్టారు దుకాణం తెరిచే పద్ధతి ఇరవై ఎనిమిదేళ్లుగా మారలేదు. ముందు తాళం తీస్తాడు. కిటికీ రెక్కలు బార్లా తెరుస్తాడు. ముందురోజు విప్పి బల్ల మీద వదిలేసిన యాంప్లిఫయరు పొట్టలోకి ఒకసారి తొంగిచూసి, దాని సంగతి తరువాత చూద్దామన్నట్టు మూత వేస్తాడు. అప్పుడు మూలనున్న ప్లేయరు మీద ఆ రికార్డు రెండో వైపు పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, పదకొండో నిమిషం దాకా నిలబడి వింటాడు. వినవలసింది వినిపించాక సూది ఎత్తి, రికార్డును అట్టలో దూర్చి, ‘తెరిచి ఉంది’ అన్న పలకను వీధి వైపు తిప్పుతాడు.

పలక తిరగ్గానే పక్క దుకాణం కళ్లజోళ్ల ఆయన కాఫీ కప్పుతో వచ్చి గుమ్మానికి ఆనుకుంటాడు.

“ఏం మాస్టారూ, ఇవాళ నేనున్నానా?”

“ఉన్నారు. ఎప్పటిలాగే పాట సగంలో ఉండగా చప్పట్లు కొట్టారు.”

“అయిపోయిందనుకున్నానండీ. పంతొమ్మిది నిమిషాల పాట మధ్యలో అంతసేపు ఊరుకుంటే ఎవరైనా అయిపోయిందనే అనుకుంటారు. మరి ఆ ఈల ఆయన?”

“ఉన్నాడు.”

“మన ఖర్మ,” అని కళ్లజోళ్ల ఆయన మిగిలిన కాఫీ తాగుతూ వెళ్లిపోతాడు.

ఆ రికార్డుకు ఉన్న లక్షణం అటువంటిది. ఇరవై ఎనిమిదేళ్ల కిందట, వాన కురుస్తున్న ఒక సాయంత్రం, పాత నాటకాల హాలులో నాలుగు వందల పన్నెండు మంది కూర్చుని విన్న కచేరీ అది. వాళ్లలో ఎవరు పోయినా, పోయిన ఆ రోజే వాళ్ల చప్పట్లు, దగ్గు, ఈల, వాళ్ల కింద కుర్చీ కిర్రుమన్న శబ్దం, అన్నీ రికార్డులోంచి తొలగిపోతాయి. ఒక్క ప్రతిలోంచి కాదు, ఎన్ని ఇళ్లలో ఎన్ని ప్రతులున్నాయో అన్నింటిలోంచీ. ఇందులో వింత ఉన్నదని ఎవరూ అనుకోలేదు. జుట్టు నెరుస్తుంది, చొక్కా వెలుస్తుంది, చప్పట్లు పలచబడతాయి. పోయినవాళ్ల పిల్లలు వచ్చి, మాస్టారిని అడిగి ఆ చోటు పెట్టించుకుని, ఖాళీ కుర్చీని చూసి వెళ్లినట్టు ఆ ఖాళీని విని వెళ్లేవారు. ఒకసారి పెన్షన్ల ఆఫీసు గుమాస్తా తానే వచ్చి, ఫలానా పెద్దమనిషి దగ్గు ఇంకా ఉన్నదని చెవులారా విని, కాగితం మీద ముద్ర వేసుకుని పోయాడు. వేదిక మీది వాళ్లకు మాత్రం ఈ నియమం వర్తించలేదు. గాయకుడు పోయి తొమ్మిదేళ్లయింది. పాడుతూనే ఉన్నాడు.

బృందం ఐదుగురిది. వాళ్ల సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అనేవారు. మామూలు పాటగాళ్లు మూడు నిమిషాల్లో చెప్పి ఊరుకునేదాన్ని వాళ్లు పంతొమ్మిది నిమిషాలు చెప్పేవారు, అదీ ఐదు లెక్కల తాళంలోంచి ఏడులోకి, ఏడులోంచి పదకొండులోకి దూకుతూ. వాళ్లు కలిసి ఉన్నన్నాళ్లలో బయటికి వచ్చిన లైవ్ ఆల్బమ్ ఇదొక్కటే. రికార్డు చేసింది మాస్టారే. రికార్డింగు యంత్రం మీద మీటర్లలో ఊగే ముళ్లు తప్ప ప్రపంచంలో మరేదీ చూడడని బృందం వాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టారు. బృందం చెదిరిపోయినా పేరు మిగిలింది.

ఆల్బమ్ సరిగా రాలేదన్న విషయంలో ఎక్కడా రెండు అభిప్రాయాలు లేవు. సరిగా రాకపోవడం మంచిదా, చెడ్డదా అన్న దగ్గరే లోకం రెండుగా చీలింది. అందులో గాయకుడు బావిలో కూర్చుని పాడుతున్నట్టుంటాడు. బేస్ గిటారు పక్కింట్లో ఎవరో మంచం జరుపుతున్నట్టుంటుంది. జనం మాత్రం చెవి పక్కనే ఉంటారు. ఇంత మంచి సంగీతానికి ఇంత అన్యాయమా అని కొందరు, కచేరీ అంటే ఇదే కదా, మిగతావాళ్లు అద్దాల గదిలో కూర్చోబెట్టి వినిపిస్తారని కొందరు. ఒక సంగీత మాసపత్రిక ఉత్తరాల పేజీలో ఈ తగువు అప్పటినుంచీ సాగుతూనే ఉంది. వీధిలో కూడా సాగేది. కళ్లజోళ్ల ఆయన ఆల్బమ్ పక్షం. దుకాణం పైగదిలో అద్దెకుండే, పియానోలు శ్రుతి చేసే ఆవిడ ఎదుటి పక్షం.

“మీరు అందులో ఉన్నారు కాబట్టి మీకు ముద్దు,” అనేదావిడ, పనిముట్ల సంచి భుజాన వేసుకుని మెట్లు దిగుతూ. “తన మొహం బాగా పడితే ఫొటో తీసినవాడు గొప్పవాడే ఎవరికైనా.”

“మీ చెవులకు జలుబు చేసిందేమో చూపించుకోండమ్మా.”

“ఆ చెవులే నాకు తిండి పెడుతున్నాయండీ. మాస్టారూ, మీరు ఏమీ అనుకోకండి.”

మాస్టారు ఏమీ అనుకునేవాడు కాదు. ఆయనకు కోపమున్నది ఒక్కరి మీదే. పత్రికకు ఏడాదికో, రెండేళ్లకో ‘టికెట్టు కొన్న శ్రోత’ అన్న పేరుతో ఒక ఉత్తరం వచ్చేది. ఆ శ్రోతకు ఆల్బమ్‌లో ప్రతి లోపమూ నిమిషాలతో సహా తెలుసు. ఒకసారి ఇలా రాశాడు: “ఈ రికార్డు బయటికి రాకపోయి ఉంటే కనీసం ఒక్క మనిషికి మేలు జరిగేది.” ఆ వాక్యం చదివిన రోజు మాస్టారు మధ్యాహ్నం భోజనం మానేశాడు.

ఇక పదకొండో నిమిషం సంగతి. రెండో వైపంతా నిండిన ఆ పెద్ద పాటలో, పదకొండో నిమిషం దగ్గర బృందం ఏడు లెక్కల తాళంలోకి దిగుతుంది. హాలంతా ఉత్సాహపడి చప్పట్లు కలుపుతుంది. నాలుగు లెక్కలకు అలవాటు పడ్డ చేతులు కాబట్టి రెండు వరసలు తిరిగేసరికి అందరూ తడబడి, నవ్వుకుంటూ మానేస్తారు. అప్పుడు మూడో వరుసలో ఒక్క జత చేతులు మాత్రం మిగులుతాయి. ప్రతి ఏడో లెక్క మీదా ఒక్క చప్పుడు, గోడకు మేకు దిగినట్టు. పాట ముగిసే దాకా అది తప్పదు. ఆ చప్పుడే పాటను పాడుచేసిందని సగం మంది, అసలు డ్రమ్మరు ఆ మనిషేనని సగం మంది పత్రికలో కొట్టుకునేవారు.

ఆ చేతులు మాస్టారి చెల్లెలివి.

ఇంట్లో ఆమెను చిన్ని అనేవారు. కారే కుళాయి దగ్గర నిలబడి చుక్కలు లెక్కపెట్టే పిల్ల. ఆ పాట ఏడు లెక్కలు బృందం డ్రమ్మరుకు ఎంతకీ కుదరకపోతే భోజనాల బల్ల మీద చూపుడువేలితో కొట్టి నేర్పింది ఆమే. వచ్చే నెల నుంచి రెండో డ్రమ్స్ మీద ఆమె కూర్చోవాలని బృందంలో మాట కూడా అయింది. ఇరవై ఆరేళ్ల వయసులో ఆమె కోరుకున్నది అదొక్కటే.

కచేరీ ముందురోజు మధ్యాహ్నం, గాయకుడి మైకు కేబులు చివర అతుకు వదులుగా ఉన్నదని మాస్టారు చూశాడు. సోల్డరింగు కడ్డీ వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది. రేపు చూద్దాంలే అని టేపు చుట్టి వదిలేశాడు. కచేరీలో మొదటి పాట ముగిసేసరికి అతుకు ఊడింది. మీటరులో ముల్లు ఒక్కసారిగా పడిపోయి మళ్లీ లేవలేదు. గొంతు ఎలాగోలా టేపులో పడాలంటే మిగిలిన దారి ఒక్కటే: జనం చప్పట్ల కోసం మూడో వరుస మీద వేలాడగట్టిన మైకును పూర్తిగా పెంచడం. పెంచాడు. గొంతుతోపాటు హాలంతా వచ్చి పడింది.

ఆల్బమ్ వచ్చింది. తిట్లు వచ్చాయి. ఎందుకిలా అయిందని పత్రిక వాళ్లు అడిగారు. ముప్పై ఏళ్ల మాస్టారికి అది మొదటి ఆల్బమ్. “మైకు కింద కూర్చుని మా చెల్లెలు చప్పట్లు కొట్టిందండీ, వద్దన్నా వినలేదు,” అని చెప్పాడు. వద్దని ఆయన ఎవరికీ చెప్పలేదు. అచ్చయిన ఆ మాట చదివి బృందం నాయకుడు ఇక రిహార్సళ్లకు రావద్దని ఆమెకు కబురు పంపాడు. ఆమె అరుస్తుందని, పత్రిక మొహాన విసురుతుందని మాస్టారు కాచుకున్నాడు. ఆమె పత్రికను మడిచి, అలమరలో దాని చోట పెట్టి, ఒక సూట్‌కేసుతో బయటికి నడిచింది. ఏడాది తిరక్కుండా బృందం కూడా విడిపోయింది.

మొదట్లో సిగ్గు వల్ల ఆయన ఆమెను వెతకలేదు. ఆ తరువాత ఒక ఉదయం రికార్డు పెట్టినప్పుడు పదకొండో నిమిషంలో ఆ చప్పుడు విని, చల్లగా ఉంది కదా, అదే చాలు అనుకున్నాడు. మరునాడూ ఉంది. ఉన్నది కాబట్టి తొందరలేదు. వచ్చే వారం, వచ్చే నెల, ఈ రిపేరు అయ్యాక. అలా ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి.

ఆ సోమవారం చప్పుడు ఆలస్యంగా పడింది.

ఏడో లెక్క దాటాక, వెంట్రుకవాసి తేడాలో. మాస్టారు సూది వెనక్కి పెట్టి మళ్లీ విన్నాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించగానే గుమ్మంలోకి పరిగెత్తాడు.

“అమ్మా, ఒక్క నిమిషం. ఇది విని చెప్పండి.”

“ఈ రికార్డు వినమని నన్ను బతిమాలుతున్నారా?” అంటూ వచ్చిన శ్రుతుల ఆవిడ ఆయన మొహం చూసి సంచి కిందపెట్టింది. కళ్లు మూసుకుని విన్నది. ఆవిడ నోటి వెంట హాస్యం రాలేదు.

“వెనకపడుతోంది మాస్టారూ. బలం కూడా తగ్గింది. మొన్నటి దాకా ఇలా లేదు.”

నాలుగేళ్ల కిందట ఐదో వరుస డాక్టరుగారి చప్పట్లు ఇలాగే నెలరోజులు మెత్తబడి ఆ తరువాత పోయాయని ఇద్దరికీ తెలుసు. ఆవిడ ఆ మాట ఎత్తలేదు. “ఎవరైనా మీకు తెలిసినవాళ్లా?” అని మాత్రం అడిగింది.

“మా చెల్లెలు.”

“ఎక్కడుంటుంది?”

మాస్టారు తిరుగుతున్న రికార్డు వైపు చూశాడు. ఆవిడ కాసేపు ఆయన వైపు చూసి, సంచి తీసుకుని బయటికి నడిచింది. ఆ చూపు కన్నా ఆవిడ నాలుగు మాటలు అని ఉంటే బాగుండుననిపించింది ఆయనకు.

ఆ రోజు పలక తిప్పలేదు. బల్ల ముందు కూర్చుని, ఇరవై ఎనిమిదేళ్ల కిందట చెప్పవలసిన సంగతిని ఒక కాగితం మీద రాశాడు: ఊడిన అతుకు, పది నిమిషాల బద్ధకం, చెల్లెలి మీదికి నెట్టిన తప్పు. రాయడానికి పావుగంట పట్టింది. పత్రికలో పడితే ఆమె ఎక్కడున్నా చూస్తుందని ఆశ. తపాలాలో వేస్తే ఆలస్యమవుతుందని మరునాడు ఉదయం తానే పత్రికాఫీసుకు వెళ్లాడు.

సంపాదకుడు కాగితాల గుట్టల మధ్య చోటు చేసుకుని కూర్చున్న ముసలాయన. ఉత్తరం చదివి అద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

“మళ్లీ ఈ ఆల్బమా? ఈ తగువు నేను ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలైందండీ. నా తరువాతవాడు రిటైరయ్యే దాకా కూడా నడుస్తుంది. ఈ నెల సంచిక అచ్చుకు వెళ్లిపోయింది. వచ్చే నెల వేస్తాను.”

“వచ్చే నెల దాకా ఆగే వీలు లేదండీ.”

“మీకు వీలు లేకపోతే మెషీను ఊరుకుంటుందా? చూడండి, ఎంత వచ్చిందో దీని మీద,” అని ఆయన లేచి, అరలోంచి నాడా కట్టిన లావుపాటి కట్ట తీసి బల్ల మీద పడేశాడు. “ఈ పై బొత్తి మొత్తం ఒక్కరిదే. టికెట్టు కొన్న శ్రోత. రాయడం మాత్రం మహా బాగా రాస్తారు.”

మాస్టారు పై ఉత్తరం వైపు చూశాడు. అక్షరాలు కుడివైపుకు వాలి ఉన్నాయి. ప్రతి పంక్తీ చివరికొచ్చేసరికి కిందికి జారింది. ఆ జారుడు మానిపించడం కోసమే బడి రోజుల్లో ఆమె నోటు పుస్తకాలకు ఆయన పెన్సిలుతో గీతలు కొట్టి ఇచ్చేవాడు. మూడేళ్లు కొట్టాడు. మానలేదు.

“కూర్చోండి, కూర్చోండి,” అన్నాడు సంపాదకుడు, కుర్చీ ముందుకు జరుపుతూ.

పదహారు ఉత్తరాలు. అన్నింటిలోనూ చివరి పేరా మీద అడ్డంగా ఎర్ర పెన్సిలు గీత ఉంది. మొదటి ఉత్తరంలో గీత కింద ఇలా ఉంది: “ఆ రికార్డు చేసిన మనిషి మీ పత్రిక చదువుతాడు. ఈ కింది చిరునామా కూడా దయచేసి అచ్చు వేయండి. సాయంత్రం ఐదు తరువాత నేను ఇంట్లోనే ఉంటాను.” చిరునామా మూడుసార్లు మారింది. సాయంత్రం ఐదు మారలేదు.

“అది సంగీతానికి సంబంధించింది కాదు కదండీ,” అన్నాడు సంపాదకుడు, మాస్టారు ఏం చదువుతున్నాడో చూసి. “పేజీలో చోటు చాలదు. అందుకని కొట్టేస్తుండేవాణ్ణి.”

అన్నింటికన్నా పైనున్నది నాలుగు నెలల కిందటిది. గీత కింద రెండు వాక్యాలే ఉన్నాయి. “చిరునామా పాతదే. ఇప్పుడు రోజంతా ఇంట్లోనే ఉంటున్నాను.”

మాస్టారు చిరునామా రాసుకోవడానికి కాగితం కోసం జేబులు తడుముకున్నాడు. సంపాదకుడే ఒక కాగితం మీద రాసి, మడిచి, ఆయన జేబులో పెట్టాడు. అప్పటికి ఆయనకు కూడా విషయం అర్థమైనట్టుంది. “నాకేం తెలుసునండీ,” అన్నాడు మెల్లగా.

“తెలియాల్సింది మీకు కాదులెండి,” అన్నాడు మాస్టారు.

బస్సులో ఆరు గంటల దారి. అంత దగ్గర.

కింద కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం, మూసి ఉంది. పైన ఒక గది. తలుపు తట్టాక చాలాసేపటికి తెరుచుకుంది. గొళ్లెం పట్టుకుని నిలబడ్డ మనిషి చేతులే ముందు గుర్తుపట్టాడాయన. మిగతా మనిషి సగం కూడా లేదు.

“పత్రికలో పడిందా?” అన్నది.

“లేదు. ఆఫీసుకు వెళ్లాను.”

“ఎందుకెళ్లావు?”

“నీ చప్పుడు వెనకపడింది చిన్నీ.”

ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. మంచం దాకా నడవడానికి గోడ సాయం తీసుకున్నది. గుండె పెద్దదైపోయిందనీ, చేసేది ఏమీ లేదని డాక్టర్లు చెప్పారనీ, ఇంటి వెనక ఉండే దర్జీ ఆవిడ రెండు పూటలా వచ్చి చూస్తుందనీ, కింది కుట్టుమిషన్ల దుకాణం తాను మూసి నాలుగు నెలలైందనీ, ఎవరో మనిషిని గురించి చెప్పినట్టు చెప్పింది. గోడవార ఒక ప్లేయరు ఉంది. దాని మీద అదే రికార్డు.

“నువ్వూ వింటావా?” అన్నాడు ఆయన.

“రోజూ పెట్టుకుని తిట్టుకుంటాను.”

“నాకు నేరుగా ఒక్క ఉత్తరం రాయొచ్చు కదే.”

“నీకు రాస్తే నేను పిలిచినట్టవుతుంది. అబద్ధం అచ్చులో వేశావు. నేనూ అచ్చులోనే అడిగాను.”

మాస్టారు కేబులు సంగతి మొదలుపెట్టాడు. బస్సులో ఆరు గంటలు కూడబలుక్కున్న మాటలు రెండు వాక్యాల్లో అయిపోయాయి. ఆమె చేత్తో ఆపమన్నట్టు సైగ చేసింది.

“నాకు తెలుసు. మొదటి పాట అవగానే గొంతు లైను పోయింది. నువ్వు కుడిచెయ్యి చాచి పైమైకు పెంచావు. నేను నిన్నే చూస్తున్నాను. నువ్వు ముళ్లను చూస్తున్నావు. లైనుతోపాటు గాయకుడి ముందున్న స్పీకరు కూడా పోయింది అన్నయ్యా. తన గొంతు తనకు వినపడట్లేదు, డ్రమ్స్ అందట్లేదు. పదకొండో నిమిషంలో తాళం మారగానే వేదిక మీద దిక్కులు చూశాడు. అప్పుడు కొట్టడం మొదలుపెట్టాను. పాట అయ్యేదాకా నా చేతులు చూస్తూ పాడాడు.”

పత్రికలో సగం లోకం ఒకటి, సగం లోకం ఒకటి అన్నది. ఈ సంగతి ఎవరూ అనలేదు.

“తప్పు నా మీదికి నెట్టావు, దానికి కోపం లేదు నాకు,” అన్నది ఆమె. కొంచెం ఊపిరి తీసుకుని, “డ్రమ్స్ దగ్గర కూర్చోనివ్వలేదు, దానిక్కూడా ఎప్పుడో పోయింది. ఒక్కదానికే పోలేదు. ఆ రికార్డులో నేను పడకపోయి ఉంటే, నేనున్నానో లేదో తెలియక ఆరు నెలల్లో కాళ్లు కొట్టుకుంటూ వచ్చేవాడివి. ఉన్నానని రోజూ పొద్దున్నే తెలిసిపోయింది నీకు. అందుకే అంత చెడ్డ ఆల్బమ్ ఎక్కడా లేదు అని రాశాను. అబద్ధమా?”

“కాదు,” అన్నాడు మాస్టారు.

“మంచినీళ్లు ఇవ్వు. ఆ కూజా కాదు, కిందిది.”

ఆయన అక్కడే ఉండిపోయాడు. దుకాణం తాళాలు ముందే శ్రుతుల ఆవిడకు ఇచ్చి వచ్చాడు. మరునాడు పొద్దున్నే ఫోను మోగింది.

“మాస్టారూ, ఇవాళ సరిగ్గా పడిందండీ,” అన్నాడు కళ్లజోళ్ల ఆయన. “ఏడు మీదే పడింది.”

“మీ కళ్లజోళ్ల ఆయనకు ఎప్పుడొచ్చాయి అంత మంచి చెవులు?” అన్నది చిన్ని, ఫోనులోంచి విని, రాత్రి అన్నయ్య చెప్పిన సంగతులు గుర్తుపెట్టుకుని. “ఆ శ్రుతుల ఆవిణ్ణి చెప్పమను.”

“పడింది,” అన్నది శ్రుతుల ఆవిడ గొంతు. “మేకు దిగినట్టే పడింది. కానీ ఆల్బమ్ మాత్రం ఘోరంగా ఉందమ్మా, క్షమించాలి.”

చిన్ని దగ్గు వచ్చేదాకా నవ్వింది. “ఈవిడ మనిషి,” అన్నది.

ఆ తరువాత పంతొమ్మిది రోజులు చప్పుడు తప్పలేదు. డాక్టర్లు పది రోజులే అన్నారట. ఆ రోజుల్లో ఆమె అన్నయ్యకు ఏడు లెక్కలు నేర్పింది. నలభై ఏళ్లు సంగీతం మధ్య తిరిగిన మనిషికి ఏడు దాకా లెక్క నిలవదని తెలిసి ఆశ్చర్యపోయింది. ఆయన అరచేతిని తన ఒళ్లో పెట్టుకుని, మధ్యలో చూపుడువేలితో కొట్టేది.

“చూడకు. వేలి వైపు చూస్తావేం? వేలేమైనా ముల్లా? విను.”

“వినడానికి చప్పుడే లేదు కదే.”

“చర్మంతో విను.”

అలవాటైన తప్పు ఆయనకు ఒక్కటే ఉండేది, నాలుగు దగ్గర ఆగిపోవడం. ఆమె ఐదు, ఆరు, ఏడు అని ముందుకు లాగేది. మధ్యాహ్నాలు అలా గడిచేవి. పాత సంగతులు పెద్దగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నాయి, ఊపిరి లేదు.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చిన వేళ, ఆమె కళ్లు మూసుకునే వేలితో కొడుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరు కోసం మాస్టారు ఎదురుచూశాడు. వేలు అరచేతిలోనే ఉంది. ఆలస్యమవుతోందనుకున్నాడు. చాలాసేపు అలా అనుకుంటూనే కూర్చున్నాడు.

ఫోను మోగింది. “మాస్టారూ, రికార్డు...” అన్నాడు అవతల కళ్లజోళ్ల ఆయన.

“తెలుసండీ,” అన్నాడు మాస్టారు.

జరగవలసినవి జరిపించి ఆయన తిరిగి వచ్చేసరికి పత్రికలో ఆయన ఉత్తరం వచ్చింది. అతుకు ఊడినా, చెల్లెలు కొట్టినా ఆల్బమ్ చెడ్డదేనని కొందరు, నిజం తెలిశాక ఇంకా బాగుందని కొందరు రాశారు. కానీ ఆ తగువు ముందుకు సాగలేదు. ఆమె పోయిన రోజు నుంచి పాట పదకొండో నిమిషంలో ఆగిపోతోంది. ఏడు లెక్కల తాళం మొదలవుతుంది, హాలు తడబడి మానేస్తుంది, గాయకుడు ఒక పంక్తి అందుకుని, రెండో పంక్తిలో దారి తప్పి, ఊరుకుంటాడు. ఒకరి వెనక ఒకరు వాద్యాలు దించుతారు. ఆ తరువాత సూది కింద రికార్డు తిరుగుతున్న శబ్దం మాత్రమే. ఎన్ని ఇళ్లలో ఎన్ని ప్రతులున్నాయో అన్నింటిలోనూ అంతే.

“గాయకుడికి ఆవిడ చేతులు కనపడట్లేదు,” అన్నది శ్రుతుల ఆవిడ. “అంతే కదా.”

మాస్టారు తలూపాడు. మరునాడు ఉదయం రికార్డు పెట్టి, ప్లేయరు ముందు నిలబడి, చేతులు ముందుకు చాచాడు. పదకొండో నిమిషంలో కొట్టడం మొదలుపెట్టాడు. గాయకుడు ఒక పంక్తి పాడి ఆగిపోయాడు. మర్నాడూ అంతే. వారం రోజులు అంతే. కళ్లజోళ్ల ఆయన గుమ్మంలో నిలబడి చూసి, తాను అందులో ఉన్నాడో లేడో అడక్కుండానే వెళ్లిపోయేవాడు.

ఎనిమిదో రోజు శ్రుతుల ఆవిడ సంచి దించి లోపలికి వచ్చింది. విన్నది.

“ఐదు దగ్గర ఆగుతున్నారు మాస్టారూ.”

“నాలుగు దగ్గరమ్మా. నాకు మొదటినుంచీ నాలుగు దగ్గరే.”

“కాదు. ఐదు దాకా బాగా వస్తున్నారు. ఐదు దగ్గర ఎవరికోసమో ఆగుతున్నారు. అందుకే ఏడు ఆలస్యమవుతోంది.”

మాస్టారు చేతులు దించాడు. అరచెయ్యి తిప్పి దాని వైపు చూసుకున్నాడు. ఆవిడ సూది వెనక్కి పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి, ఆయనకు వీపు చేసి నిలబడింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. బావిలోంచి వచ్చినట్టు గాయకుడి గొంతు, పక్కింట్లో జరిగే మంచం, తడిసిన కోట్లతో కూర్చున్న నాలుగు వందల మందిలో ఇంకా మిగిలినవాళ్ల దగ్గు, ఒక ఈల. తాళం మారింది. హాలు తడబడి నవ్వింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అరచేతిలో ఎవరూ లేరు. ఆరు, ఏడు.

కొట్టాడు.

గాయకుడు ఊపిరి తీసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. రెండో పంక్తి అందుకున్నాడు. మూడోది. మాస్టారి కన్నీళ్లు గడ్డం దాకా వచ్చాయి కానీ తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. పాట ఇంకా ఏడు నిమిషాలు ఉంది. ప్రతి ఐదు దగ్గరా ఆమె మళ్లీ పోతోంది, ప్రతి ఐదూ ఆయన దాటవలసి వస్తోంది, అయినా ఆగడానికి వీల్లేదు. వేదిక మీద నిలబడ్డ మనిషి ఆయన చేతుల వైపే చూస్తున్నాడు.